రస్టీది పొగరు కాదు.. నొప్పి!

ఆ శనివారం ఉదయం గాలి కాస్త జోరుగానే ఉంది. ఎండుగడ్డి మోపుల మీద కప్పిన నీలం టార్పాలిన్ ఒక్కసారిగా టపటపా కొట్టుకుంది. అంతే, మా రస్టీ ఉన్నచోటు నుంచి పక్కకు గెంతింది. జీను మీదున్న మా అమ్మాయి ఎగిరి ఇసుకలో పడింది. హెల్మెట్ ఉంది కాబట్టి తలకు ఏమీ కాలేదు. ఎడమ మణికట్టు మాత్రం విరిగింది. ఆస్పత్రిలో కట్టు వేయించుకుంటూ ఆ పద్నాలుగేళ్ల పిల్ల అన్న మొదటి మాట: "అమ్మా, రస్టీని ఏమీ అనొద్దు."

మేముండేది డాలస్‌కు ఉత్తరాన, ఫ్రిస్కోలో. ఇక్కడి మన కుటుంబాల్లో పిల్లలకు కూచిపూడి, కర్ణాటక సంగీతం, చెస్ క్లాసులు మామూలే. మా అమ్మాయికి మాత్రం చిన్నప్పటి నుంచీ గుర్రాల పిచ్చి. ఇంకాస్త ఉత్తరానికి వెళ్తే ఆబ్రీ, పైలట్ పాయింట్ చుట్టుపక్కలంతా గుర్రాల క్షేత్రాలే. అక్కడో లాయంలో మూడేళ్లు సవారీ నేర్చుకున్నాక, పన్నెండేళ్ల వయసున్న క్వార్టర్ హార్స్‌ను కొన్నాం. ఎర్రటి ఒళ్లు, నుదుట తెల్లచుక్క. మొదటి ఏడాది పసిపిల్లలా మాట వినేది.

నిజానికి పడిపోవడానికి రెండు నెలల ముందు నుంచే అది మాకేదో చెబుతూనే ఉంది. జీను తెస్తుంటే చెవులు వెనక్కి వాల్చేది. పొట్ట కింద పట్టీ బిగిస్తుంటే తిరిగి కరవబోయేది. ఊరికే తోక ఝాడించేది. చెత్తడబ్బాను చూసినా, గొడుగును చూసినా బెదిరేది. మేమంతా దానికి పెట్టిన పేరు ఒక్కటే: పొగరు.

మణికట్టు విరిగాక ఇంట్లో పెద్ద గొడవే అయింది. "అమ్మేద్దాం, పిల్ల ప్రాణం కన్నా ఎక్కువా?" అన్నారు మా ఆయన. కాదనలేకపోయాను. కానీ మనిషిని పడేసిన గుర్రాన్ని మంచి ధరకు ఎవరు కొంటారు? చివరికి వేలానికే వెళ్తుంది. అమెరికాలో గుర్రాల కబేళాలు 2007లోనే మూతపడ్డాయి. కానీ వేలంలో చవగ్గా పోయిన గుర్రాల్లో కొన్నింటిని సరిహద్దు దాటించి మెక్సికో కబేళాలకు తోలేస్తుంటారు. ఆ సంగతి మా అమ్మాయికి తెలుసు. రెండు రోజులు అన్నం ముట్టలేదు.

తాతయ్య చెయ్యి

అప్పుడు మా నాన్న ఇక్కడే ఉన్నారు. జనవరిలో ఆరు నెలలకని వచ్చారు. ప్రకాశం జిల్లాలో నలభై ఏళ్లు ఎద్దులతో సేద్యం చేసిన మనిషి. గుర్రాల గురించి ఆయనకేమీ తెలియదు. "ఒకసారి నన్నూ తీసుకెళ్లండి" అంటే లాయానికి తీసుకెళ్లాం.

కాసేపు దూరంగా నిలబడి చూశారు. తర్వాత మెల్లగా పక్కకు వెళ్లి, మెడ దగ్గర నుంచి వీపు మీదుగా అరచెయ్యి ఆనిస్తూ వెనక్కి వచ్చారు. జీను కూర్చునే చోటుకు చెయ్యి రాగానే రస్టీ వీపు కిందికి కుంగింది. తల ఎగరేసింది. నాన్న మళ్లీ రాశారు. మళ్లీ కుంగింది.

"కాడి ఒరుసుకుని మెడ వాచిన ఎద్దు ఇట్లాగే చేస్తుందమ్మా. కాడి ఎత్తగానే బెదురుతుంది. బెదురుగొడ్డని కర్ర తీసుకునే వాడికేం తెలుసు? ఎద్దు పుండు కాకికి నొప్పా?" అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ జీను సెకండ్ హ్యాండ్‌లో బేరమాడి కొన్నది నేనే.

మూడు తప్పులూ మావే

మరుసటి వారం పశువైద్యురాలు వచ్చారు. రస్టీని గట్టినేల మీద, ఇసుకలో నడిపించి, పరుగెత్తించి చూశారు. డెక్కల్ని పట్టకారు లాంటి పరికరంతో నొక్కారు. పళ్లు చూశారు. వీపు ఎక్స్‌రే తీశారు. కడుపులోకి కెమెరా గొట్టం పంపారు. అదృష్టం, వెన్నెముకలో లోపం లేదు. తేలినవి మూడు.

ఒకటి, జీను. భుజాల దగ్గర ఇరుకు, మధ్యలో ఖాళీ. మనిషి బరువంతా నాలుగు చోట్లే పడి కండరాలు నలిగిపోయాయి. భుజాల పైన కొత్తగా మొలిచిన తెల్లవెంట్రుకలు ఆ ఒత్తిడి గుర్తులేనట. వాటిని చూసి "ముద్దుగా ఉన్నాయి" అని ఫొటోలు తీసుకున్నాం మేము.

రెండు, కడుపులో పుళ్లు. గుర్రం మేత తిన్నా తినకపోయినా దాని కడుపులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. నములుతున్నప్పుడు వచ్చే లాలాజలమే దానికి విరుగుడు. రోజంతా కొద్దికొద్దిగా మేయాల్సిన జీవికి మేము రెండు పూటలే మేత ఏర్పాటు చేశాం.

మూడు, డెక్కలు. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కించాల్సినవాటిని పని ఒత్తిడిలో పది వారాలకు పొడిగించాం. ముందు డెక్కలు పొడవు పెరిగి అడుగు తప్పుగా పడుతోంది.

మరి టార్పాలిన్‌కు ఎందుకు బెదిరింది? గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. నుదుటికి సరిగ్గా ముందు కొంచెం, తోక వెనక కొంచెం తప్ప చుట్టూ కనిపిస్తుంది. ప్రమాదం అనిపిస్తే ముందు పరుగు, తర్వాతే ఆలోచన. ఒంట్లో నొప్పి ఉంటే అది ఎప్పుడూ ఆ పరుగు అంచునే ఉంటుంది. పంటినొప్పి ఉన్న రోజు మనం పిల్లల మీద విసుక్కోమూ? ఇదీ అంతే.

ఇద్దరికీ ఆరు వారాలు

మా అమ్మాయి చేతికి ఆరు వారాలు కట్టు. రస్టీ వీపుకు ఆరు వారాలు జీను లేదు. కడుపుకు ఇరవై ఎనిమిది రోజులు ఒమెప్రజోల్ పేస్టు. ఎండుగడ్డి ఎప్పుడూ ముందుండేలా చిన్న కన్నాల వలసంచి కట్టాం. పగలంతా తోటి గుర్రాలతో బయలులో వదిలాం. నాడాలు కొట్టే ఆయనకు ఆరు వారాలకోసారి తేదీలు ముందే రాసిపెట్టాం.

పూర్తిగా కట్టేయడం కూడా మంచిది కాదన్నారు డాక్టర్. పగ్గం పట్టుకుని మొదట పది నిమిషాలు, తర్వాత ఇరవై నిమిషాలు నడక. ఒక చేతికి కట్టుతో మనవరాలు, పగ్గం పట్టుకుని తాతయ్య, మధ్యలో రస్టీ. నేల మీద నాలుగు దుంగలు పరిచి మెల్లగా దాటించేవారు. కాలెత్తి దాటేటప్పుడు వీపు కండరాలు పనిచేస్తాయి. నడక అయ్యాక పక్కటెముకల దగ్గర క్యారట్ చూపిస్తే మెడ తిప్పి అందుకునేది. దానికి అదే వ్యాయామం.

నొప్పి తగ్గినంత మాత్రాన భయం పోదు. ఆ చోట నొప్పి పుట్టిందన్న జ్ఞాపకం ఉంటుంది. అందుకే టార్పాలిన్‌ను మొదటిరోజు వంద అడుగుల దూరంలో పరిచాం. రస్టీ చెవులు నిక్కించి చూస్తుంది. చూడనివ్వాలి. తల దించి, గట్టిగా ఊపిరి వదిలి, నోరు చప్పరించగానే "శభాష్" అని మెడ నిమిరి, వెనక్కి తిప్పెయ్యాలి. అది భయపడి పారిపోకముందే మనమే వెనుదిరగాలి. రోజుకు నాలుగడుగులు దగ్గర. మూడో వారం చివర్లో టార్పాలిన్‌ను ముక్కుతో పొడిచింది. ఇంకో వారానికి దాని మీద నడిచింది.

నా తొందర

ఏప్రిల్‌లో జీను కొలిచే నిపుణురాలిని పిలిచాం. జీను వెన్నెముకను తాకకూడదు, ఆఖరి పక్కటెముక దాటి వెనక్కి పోకూడదు, కింద చెయ్యి దూరిస్తే ఒత్తిడి అంతటా సమంగా ఉండాలి. ఇవి నాకు అప్పుడే తెలిశాయి. కొత్త జీనుతో మొదటి సవారీ పది నిమిషాలు, నడక మాత్రమే. వారానికి ఐదు నిమిషాలు పెంచుతూ, వారానికి నాలుగు రోజులు. ఆదివారం ఒక్కరోజే గంటసేపు తిప్పడం కన్నా ఇదే మేలన్నారు. తర్వాత తిన్నటి దారిలో చిన్న పరుగు, ఆపైన పెద్ద వలయాలు. వేగం అన్నిటికన్నా చివర.

మే నెలలో మా చుట్టాలు హ్యూస్టన్ నుంచి వచ్చారు. "బాగానే ఉందిగా, ఇంకో రెండు రౌండ్లు పరుగెత్తించు" అని నేనే అన్నాను. మా అమ్మాయి వద్దంటూనే నా మాట కాదనలేకపోయింది. మర్నాడు నాన్న చెయ్యి ఆనిస్తే వీపు మళ్లీ కుంగింది. రెండు వారాలు వెనక్కి వెళ్లి, మళ్లీ నడక నుంచి మొదలుపెట్టాం. నాన్న నన్నేమీ అనలేదు. "గొడ్డు నీకు చూపించడానికి పనిచెయ్యదమ్మా" అన్నారంతే.

జూలైలో నాన్న వెళ్లిపోయారు. టెక్సస్ ఎండలకు మా సవారీ పొద్దున ఆరింటికి మారింది. సెప్టెంబరుకు నలభై నిమిషాల పని హాయిగా చేయసాగింది. పట్టీ బిగిస్తుంటే ఇప్పుడు చెవులు వాల్చదు.

మన పిల్లలు చాలామంది ఇక్కడ సవారీ నేర్చుకుంటున్నారు. నిన్నటిదాకా బుద్ధిగా ఉన్న గుర్రం ఇవాళ మొండికేస్తే దయచేసి కొరడా వైపు చూడకండి. ముందు వీపు, కడుపు, పళ్లు, డెక్కలు, జీను చూపించండి. తేలేదాకా పిల్లల్ని ఎక్కించకండి. ఖర్చు మాకూ తక్కువేం కాలేదు. కానీ మొదటి రెండు నెలల్లోనే చూపించి ఉంటే మణికట్టు విరిగేది కాదు.

అక్టోబరులో ఒకరోజు మళ్లీ గాలి వీచింది. అదే టార్పాలిన్ టపటపలాడింది. రస్టీ ఆగింది, చూసింది, పెద్దగా ఊపిరి వదిలింది, ముందుకు నడిచింది. ఆ రాత్రి వీడియో కాల్‌లో మా అమ్మాయి ఒకటే సంబరంగా చెప్పుకొచ్చింది. నాన్న అంతా విని, "అదంతా సరే చిట్టితల్లీ. రేపు జీను తీశాక ఫోన్ చెయ్యి. వీపు మీద చెయ్యేసి చూపించు" అన్నారు.

మర్నాడు చూపించింది. చెయ్యి మెడ నుంచి నడుము దాకా వెళ్లింది. రస్టీ గడ్డి నములుతూనే ఉంది.