ఖాళీ తుపాకీ మీట నొక్కవచ్చా?

చర్ల, దుమ్ముగూడెం, గుండాల, ములకలపల్లి వైపు అడవి అంచున చేను వేసిన రైతుకు పందుల బెడద కొత్త కాదు. మొక్కజొన్న పాలు పోసుకునే వేళకు రాత్రిళ్లు మంచె మీదే గడపాలి. పంట కాపలాకు లైసెన్సు తుపాకీ ఉన్న రైతులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. తుపాకీ పేల్చితేనే అరుగుతుందనుకోకండి. మందు లేకుండా ఊరికే టిక్కు టిక్కుమని మీట నొక్కినా పాడవుతుంది.

ఎందుకు పాడవుతుంది?

మీట నొక్కగానే గుర్రం బలంగా వచ్చి పడుతుంది. మందు తుపాకీలో కేపు ఉంటే ఆ దెబ్బను అదే కాచుకుంటుంది. లేకపోతే ఇనుము మీద ఇనుము పడ్డట్టే. కేపు కూర్చునే నిప్పిల్ అంచు సుత్తి దెబ్బలు తిన్న మేకు తలలా చదునవుతుంది. ఆపై కేపు సరిగా కూర్చోదు. తీరా పంది చేలో పడ్డ రాత్రి తుపాకీ పేలదు.

బయటికి గుర్రాలున్న పాతకాలపు తూటా తుపాకీల్లో పిన్ను విరగవచ్చు. పాయింట్ ఇరవై రెండు రైఫిల్లో పిన్ను నేరుగా గొట్టం అంచుకు తగిలి అక్కడ సొట్ట పడవచ్చు. స్ప్రింగు ఎయిర్‌గన్‌కు ఇది మరీ చేటు. గుండు లేకుండా వదిలితే లోపలి పిస్టన్ ఆపే గాలి లేక గోడకు కొట్టుకుంటుంది, వాషరూ స్ప్రింగూ దెబ్బతింటాయి. పెద్ద తూటాల కొత్త రైఫిళ్లు మాత్రం చాలావరకు తట్టుకుంటాయి.

ముందు ఖాళీయో కాదో చూడండి

తుపాకీ చెడితే బాగు చేయించుకోవచ్చు, ప్రాణం పోతే తేలేం. "ఖాళీదేలే" అన్న మాట నమ్మి మీట నొక్కవద్దు. మందు తుపాకీకి ముందు కేపు తీసేయండి. దట్టించే కడ్డీని గొట్టం పక్కనే బయట పెట్టి, నిప్పిల్ దాకా ఎంత పొడవుందో గుర్తు పెట్టుకోండి. తర్వాత లోపలికి జార్చండి. ముఖం, అరచెయ్యి గొట్టం మూతికి ఎదురుగా ఉండరాదు. గుర్తుకన్నా రెండు మూడు వేళ్లు ముందే ఆగిందంటే లోపల మందు ఉన్నట్టే. ఇనుప కడ్డీతో పొడవకండి. గొట్టంలో నీళ్లు పోసి తడిపి, ఆయుధాల రిపేరు లైసెన్సున్న వారికి చూపించండి.

మీట నొక్కినా పేలకపోతే వెంటనే మూతిలోకి చూడవద్దు. గొట్టాన్ని మనుషులు, పశువులు లేని వైపే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగండి. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు.

కాపాడుకునే తీరు

- గుర్రం దించాలంటే బొటనవేలితో గట్టిగా పట్టుకుని మెల్లగా దించండి.
- మీట పరీక్షించక తప్పకపోతే నిప్పిల్ మీద మందపాటి తోలుముక్క పెట్టండి. తూటా తుపాకీకి డమ్మీ తూటా వాడండి. అసలు తూటాలు ఆ గదిలోనే ఉండరాదు.
- నల్లమందు మసి తేమను పీల్చి తుప్పు పట్టిస్తుంది. పేల్చిన రోజే వేడినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, పల్చగా మిషన్ నూనె రాయండి. కొబ్బరినూనె, వేరుశనగ నూనె జిగురు కడతాయి.
- తోలు సంచిలో పెట్టి వదిలేయవద్దు, చెమ్మ ఊరుతుంది.
- మందు, కేపులు వేరుగా తాళం వేసి పిల్లలకు అందకుండా ఉంచండి.

ఎన్నికలప్పుడు తుపాకీ స్టేషన్లో అప్పగించమంటే మందు తీసి, శుభ్రం చేసి, నూనె రాసి ఇచ్చి రసీదు తీసుకోండి. తిరిగి తెచ్చుకున్నాక కూడా టిక్కుమనిపించి చూడటం కాదు, ముందు కడ్డీ వేసి చూడండి.

చట్టం మాట

పంట రక్షణకు మందు తుపాకీ లైసెన్సు 1959 ఆయుధాల చట్టం కింద ఇస్తారు. అది తుపాకీ ఉంచుకోవడానికే గానీ జంతువును చంపడానికి కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పంట మేస్తున్న పందినైనా కాల్చాలంటే అధికారం ఉన్నవారి రాతపూర్వక అనుమతి కావాలి. కిన్నెరసాని అభయారణ్యంలోకి అనుమతి లేకుండా తుపాకీతో వెళ్లడం నేరం. లైసెన్సు లేని నాటు తుపాకీ ఇంట్లో ఉన్నా నేరమే. ఒక్క కేసులో ఇరుక్కుంటే పంట నష్టం కన్నా పెద్ద నష్టం.