పదునారవ వంతు టాంకు

ఒక వస్తువు నమూనాను పదునారవ వంతు కొలతతో తయారు చేసినచో దాని పొడవు, వెడల్పు, ఎత్తు పదునారవ వంతగును. ఇది చిన్న తరగతి విద్యార్థికి సైతము తెలిసిన విషయమే. కాని దాని బరువు ఎంత ఉండవలెను? ఎంత వేగముతో పోవలెను? దానిని నడుపుటకు ఎన్ని వాట్ల మోటారు కావలెను? రేడియోతో నడుచు టాంకు నమూనాను కట్టదలచిన వారికి రంగులు, జిగురు కొనుటకు ముందే ఈ ప్రశ్నలు ఎదురగును. వీనిని లెక్కించక కట్టిన నమూనా అలమారలో అందముగానే ఉండును. నేలమీద వదలినపుడు మాత్రము అది కప్పవలె గెంతును. నాలుగు మలుపులు తిరుగునప్పటికి మోటారు చేయి కాలునంత వేడెక్కును.

ఉదాహరణకు టి-34-85 అను సోవియట్ టాంకును తీసికొందము. 1944లో యుద్ధరంగమునకు వచ్చిన ఈ టాంకు కొలతలు బాగుగా తెలిసినవి. ఆకారము కూడ సరళమైనది. దాని పెట్టె పొడవు 6.10 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, ఎత్తు 2.72 మీటర్లు. బరువు 32 టన్నులు. 500 అశ్వసామర్థ్యము గల డీజిల్ యంత్రము దానిని మంచి బాటపై గంటకు 55 కిలోమీటర్ల వేగముతో నడిపెడిది. పదునారవ వంతు నమూనాలో పొడవు 38 సెంటీమీటర్లు, వెడల్పు సుమారు 19, ఎత్తు 17 సెంటీమీటర్లు వచ్చును.

ఇక బరువు సంగతి. బరువు ఘనపరిమాణమునుబట్టి ఉండును గనుక 16ను మూడుమారులు హెచ్చవేయవలెను. 16 × 16 × 16 = 4096. 32,000 కిలోగ్రాములను 4096తో భాగించినచో 7.8 కిలోగ్రాములు వచ్చును. ప్లాస్టిక్ రేకుతో కట్టిన నమూనా సాధారణముగా ఇందులో సగము కూడ తూగదు. అందుచేత పెట్టె అడుగున సీసపు ముక్కలను అమర్చుట మంచిది. పైన, అనగా తిరుగు బురుజులో, బరువు పెట్టరాదు.

గొలుసు పట్టాలు నేలమీద మోపు ఒత్తిడి సంగతి వేరు. అసలు టాంకులో ఒక్కొక్క పట్టా వెడల్పు 50 సెంటీమీటర్లు, నేలను తాకు భాగము పొడవు 385 సెంటీమీటర్లు. రెండు పట్టాల వైశాల్యము 38,500 చదరపు సెంటీమీటర్లు. 32,000 కిలోగ్రాములను దానితో భాగించినచో చదరపు సెంటీమీటరుకు 0.83 కిలోగ్రాము. బరువు 4096వ వంతు కాగా వైశాల్యము 256వ వంతే అగుటచే, నమూనాలో ఈ ఒత్తిడి పదునారవ వంతునకు, అనగా 0.05 కిలోగ్రామునకు తగ్గును. అందువలన నమూనా మెత్తటి మట్టిలో దిగబడదు, కాని దానిని పట్టుకొననూ లేదు. బురదలో అసలు టాంకు లోతుగా చాలు తీయును. నమూనా పైపైన జారిపోవును. తోటలోని ఇసుకలో తీసిన ఫోటోలు చూచి మోసపోరాదు.

వేగము విషయములో ఇంకొక చిక్కు కలదు. గంటకు 55 కిలోమీటర్లను 16తో భాగించినచో 3.4 కిలోమీటర్లు, అనగా సెకనుకు 0.95 మీటరు. మనిషి నెమ్మదిగా నడచు వేగమిది. నమూనాలు కట్టువారు సామాన్యముగా దీనినే సరియైన వేగమందురు. అయినను గతుకులమీద నమూనా ఊగుట అసలు టాంకు ఊగుటవలె ఎన్నటికిని కనబడదు. కారణము గురుత్వాకర్షణ. టాంకును పదునారవ వంతు చేసితిమి గాని భూమి ఆకర్షణను పదునారవ వంతు చేయలేదు గదా! పై నుండి పడు వస్తువు కాలము ఎత్తుయొక్క వర్గమూలమునుబట్టి ఉండును. ఎత్తు 16వ వంతయినచో కాలము 4వ వంతగును. స్ప్రింగులపై ఊగుట కూడ ఈ నియమమునే అనుసరించును. కనుక అసలు టాంకు రెండు సెకన్లలో ఒకసారి ఊగినచో నమూనా అర సెకనులో ఊగును. సినిమావారికి ఈ రహస్యము చిరకాలముగా తెలియును. పదునారవ వంతు నమూనాను సెకనుకు 96 చిత్రముల చొప్పున తీసి 24 చొప్పున చూపినచో దాని కదలికలో బరువు కనబడును.

ఈ వర్గమూల నియమమును నౌకల విషయములో ప్రయోగాత్మకముగా స్థాపించినవాడు విలియం ఫ్రౌడ్ అను ఆంగ్ల ఇంజనీరు. ఆయన 1872లో టార్కీ పట్టణమున పొడవైన నీటి తొట్టిని కట్టి, అందులో ఓడల మైనపు నమూనాలను లాగి చూచి, పెద్ద ఓడలకు ఎంత బలము కావలెనో లెక్కకట్టెను. నమూనా ఆటవస్తువు కాదని నిరూపించిన ఘనత ఆయనదే.

సామర్థ్యమును లెక్కింతము. 500 అశ్వసామర్థ్యము సుమారు 3,68,000 వాట్లు. సామర్థ్యమనగా బలమును వేగముతో హెచ్చవేయగా వచ్చునది. బలము 4096వ వంతు, వేగము 16వ వంతు. కనుక సామర్థ్యము 65,536వ వంతు, అనగా 5.6 వాట్లు మాత్రమే! రెండు సైకిలు డైనమోలు ఇచ్చు శక్తి ఇంతే. కాని చిన్న గేర్లలోను, ఇరుసులలోను, పట్టా కీళ్ళలోను ఘర్షణ ఈ లెక్క ప్రకారము తగ్గదు. రెండు మోటార్లు కలిసి 20 వాట్లకు తక్కువ కాకుండ చూచుకొనుట వివేకము.

టి-34లో నడుపు చక్రము వెనుక ఉండును. దానికి పళ్ళు లేవు. రెండు పళ్ళెముల నడుమ ఆరు రోలర్లుండి, పట్టా మధ్యనున్న కొమ్ములను పట్టి లాగును. 72 పలకల పట్టాలో పలక విడిచి పలకకు కొమ్ముండును. కాబట్టి చక్రము ఒకమారు తిరిగినచో 12 పలకలు జరుగును. ఒక్కొక్క పలక నిడివి 172 మిల్లీమీటర్లు. నమూనాలో అది పదునొకండు మిల్లీమీటర్లకు కొంచెము తక్కువ. చక్రము ఒక చుట్టుకు నమూనా 12.9 సెంటీమీటర్లు ముందుకు పోవును. సెకనుకు 95 సెంటీమీటర్లు పోవుటకు చక్రము నిమిషమునకు 440 మారులు తిరుగవలెను. మోటారు నిమిషమునకు 12,000 మారులు తిరుగునదైనచో గేర్లు దానిని సుమారు 27వ వంతునకు తగ్గింపవలెను. విద్యార్థులు ఈ లెక్కను తమకు దొరకిన మోటారుతో మరల చేసి చూడవలెను.

తిన్నగా పోవుట సులభము. టాంకుకు కష్టమంతయు తిరుగుటలోనే యున్నది. కారువలె దాని ముందు చక్రములు మళ్ళవు. ఒక పట్టా వేగముగా, ఇంకొకటి నెమ్మదిగా నడచినపుడు టాంకు మళ్ళును. అప్పుడు పట్టాలు నేలమీద అడ్డముగా ఈడ్వబడును. నమూనా బరువు 8 కిలోగ్రాములు, నేలను తాకు పొడవు 24 సెంటీమీటర్లు, ఘర్షణ గుణకము 0.5 అనుకొందము. ముందు సగముపై 4 కిలోల బరువుండును గనుక అక్కడ ఘర్షణ బలము 2 కిలోలు. మధ్యబిందువు నుండి దాని సగటు దూరము 6 సెంటీమీటర్లు. వెనుక సగము కూడ ఇట్లే. మొత్తము నిరోధ భ్రామకము 24 కిలో-సెంటీమీటర్లు. రెండు పట్టాల నడిగీతల మధ్య దూరము 15.3 సెంటీమీటర్లు, కనుక ఒక్కొక్క పట్టా 1.57 కిలోల బలముతో లాగవలెను. తిన్నగా పోవునపుడు బరువులో ఇరువదవ వంతు నిరోధమనుకొన్నను, పట్టాకు 0.2 కిలో చాలును. తిరుగుటకు ఎనిమిది రెట్లు ఎక్కువ కావలెనన్నమాట! మోటారు కొనునపుడు వేగమును గాక ఈ బలమును చూడవలెను. గరుకు నేలపై నమూనా మళ్ళునా లేదా అనునదే పరీక్ష. నున్నని గచ్చుపై ఎట్టి నమూనా అయినను తిరుగును.

ఒక సూక్ష్మ విషయము. బజారులో దొరకు నమూనాలు అనేకము ఒక పట్టాను ముందుకు, మరొకదానిని వెనుకకు నడిపి నిలచినచోటనే గిరగిర తిరుగును. టి-34 అట్లు తిరుగలేదు. దానిలో ఒకవైపు క్లచ్చి విడదీసి, బ్రేకు బిగించి, ఆగిన పట్టా చుట్టు మళ్ళవలసినదే. నిజమునకు దగ్గరగా ఉండగోరువారు నమూనాను కూడ అట్లే తిప్పవలెను. అప్పుడు ఒక మోటారే పనిచేసినను దాని బలము తగ్గదు. బలయుగ్మములో రెండవ బలమును బిగించిన బ్రేకు ఇచ్చును.

ఆజ్ఞలను మోయునది రేడియో. ప్రేషకము నుండి వచ్చిన ఆజ్ఞను గ్రాహకము విద్యుత్ స్పందనములుగా మార్చును. ప్రతి 20 మిల్లీసెకన్లకు ఒక స్పందనము. దాని నిడివి 1.5 మిల్లీసెకన్లయినచో ‘ఆగుము’ అని, 2 అయినచో ‘పూర్తి వేగముతో ముందుకు’ అని, 1 అయినచో ‘వెనుకకు’ అని అర్థము. మీటలు రెండు: నడక, మలుపు. ఎడమ మోటారుకు నడకను మలుపుతో కూడి, కుడి మోటారుకు నడక నుండి మలుపును తీసివేసి ఇత్తురు. నడక నూటికి 60, మలుపు 30 అయినచో ఎడమది 90, కుడిది 30. టాంకు కుడివైపునకు మళ్ళును. బీజగణితములో కూడికయు తీసివేతయు ఇంతకంటె స్పష్టముగా కంటికి కనబడు చోటు అరుదు.

పూర్వము 27 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యమును వాడెడివారు. దాని తరంగదైర్ఘ్యము 11 మీటర్లు. ఇద్దరు పిల్లల వద్ద ఒకే క్రిస్టలున్నచో ఒకని మీటకు ఇంకొకని టాంకు కదలెడిది! ఇప్పుడు వాడుచున్నది 2.4 గిగాహెర్ట్జ్, తరంగదైర్ఘ్యము 12.5 సెంటీమీటర్లు, దానిలో నాలుగవ వంతు తీగ 3.1 సెంటీమీటర్లు చాలును. ప్రేషకము తన గుర్తును పంపుచు, పౌనఃపున్యమునుండి పౌనఃపున్యమునకు దుముకుచుండును గనుక తగవు లేదు. మన దేశములో అల్పశక్తి పరికరములు ఈ పట్టీని వాడుటకు 2005 నియమముల ప్రకారము లైసెన్సు అక్కరలేదు. ఇత్తడి రేకుతో పెట్టె కట్టువారు మాత్రము తీగను బయటకు తీయవలెను. లోహపు పెట్టె తరంగములను లోనికి రానీయదు. మోటారు బ్రష్షుల వద్ద లేచు నిప్పురవ్వలు కూడ తరంగములను పుట్టించును. 1887, 1888 సంవత్సరములలో హెర్ట్జ్ తన ప్రయోగశాలలో తరంగములను పుట్టించినది రవ్వలతోనే. వానిని అణచుటకు మోటారు కొనల మధ్య 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరును అతికింపవలెను.

రేడియో తెగిపోయినచో ఏమగును? ఎనిమిది కిలోల నమూనా సెకనుకు ఒక మీటరు వేగముతో చిన్నపిల్లల కాళ్ళమీదికి పోవచ్చును. మెట్లపై నుండి దొర్లవచ్చును. అందుచే సంకేతము ఆగగానే మోటార్లు ఆగునట్లు గ్రాహకమును అమర్చి, ఇటుకమీద టాంకును ఎత్తిపెట్టి, పట్టాలు తిరుగుచుండగా ప్రేషకమును ఆపి చూడవలెను. పట్టాలు నిలువకపోయినచో దానిని నేలకు దింపరాదు. ప్రేషకమును ముందు వెలిగించి, చివర ఆర్పుట నియమము. 7.2 వోల్టుల, 3000 మిల్లీ ఆంపియర్-గంటల బాటరీలో 21 వాట్-గంటలకు మించి శక్తి యుండును. తీగలు కలిసినచో ఇది నిప్పు పుట్టించుటకు చాలును. ఫ్యూజు లేక కట్టరాదు.

దూరము నుండి యంత్రమును నడుపుట పిల్లల ఆటతో మొదలు కాలేదు. 1898లో నికోలా టెస్లా న్యూయార్కులో ఒక చిన్న పడవను తీగ లేకుండ నడిపి చూపెను. 1939-40 శీతాకాలములో ఫిన్లాండుపై దండెత్తిన సోవియట్ సైన్యము టి-26 టాంకులను మనుష్యులు లేకుండ, వెనుకనున్న మరొక టాంకు నుండి రేడియోతో నడిపెను. జర్మనులు ‘గోలియత్’ అను చిన్న పట్టాల బండిని ప్రేలుడు పదార్థముతో నింపి, వెంట తీగ విడుచుచు పంపిరి. తీగ తెగినచో అది పనికిరాకపోయెడిది. మన దేశములో 2017లో ఆవడిలోని రక్షణ పరిశోధనశాల ‘ముంత్ర’ అను మానవరహిత పట్టాల బండ్లను ప్రదర్శించెను. వీనిలో అన్నిటికంటె కష్టమైనది నడుపుట కాదు. సంకేతము తెగినపుడు యంత్రము ఏమి చేయవలెను? ఇటుకమీద ఎత్తిన నమూనాకు మన మిచ్చు సమాధానము ‘ఆగవలెను’ అని. ఆయుధము మోయు బండి విషయములో ఆ సమాధానమును గురించి ప్రపంచదేశములింకను వాదించుచున్నవి.