ఫుట్‌బాల్ మైదానములో ఆంగ్ల నుడికారము

ఒక మంత్రిగారి ప్రసంగమును 'ఓన్ గోల్' అని ఆంగ్ల దినపత్రిక వ్రాసినదనుకొందము. సోమందేపల్లెలో ఉన్నత పాఠశాల విద్యార్థి యొకడు నిఘంటువు దగ్గర పెట్టుకొని ఆ వాక్యమును తెలిగించినచో ఏమి వ్రాయును? 'ఓన్' అనగా సొంత, 'గోల్' అనగా లక్ష్యము. కావున మంత్రిగారు తమ లక్ష్యమును సాధించినారని వ్రాయును. నిఘంటువులో తప్పు లేదు, బాలుని తర్కములో తప్పు లేదు. అర్థము మాత్రము తలక్రిందులైనది. మంత్రిగారు సాధించినదేమియు లేకపోగా, తమ మాటతో తమ పక్షమునకే నష్టము తెచ్చినారు.

ఆటలో జరుగునది ఇది. ఎదుటి జట్టు గోలులోనికి పోవలసిన బంతిని ఒక ఆటగాడు పొరపాటున తన జట్టు గోలులోనికే పంపును. ఆ గోలు ఎదుటివారి లెక్కలో చేరును. 'తన గోతిని తానే త్రవ్వుకొనుట' అను మన పలుకుబడి దీనికి దగ్గర చుట్టమే గాని కవలపిల్ల కాదు. గోతిలో పడువాడు త్రవ్వినవాడొక్కడే. ఓన్ గోల్ వలన చెడునది పదునొకండుగురు. ఈ భేదము తెలియవలెనన్న మైదానము కన్నులకు కట్టవలెను.

ఆ మైదానము ఇక్కడి పిల్లలకు అంత పరిచితము కాదు. సోమందేపల్లె బెంగుళూరు–హైదరాబాదు రహదారిపై పెనుకొండకు దక్షిణముగా నున్న ఊరు. 2022 వరకు అనంతపురము జిల్లాలోనిది, అటుపైని శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. వేరుసెనగ చేలు, ఎఱ్ఱనేల, వానకై ఎదురుచూపు ఇచటి బ్రతుకు. పచ్చికపై జారి బంతి నందుకొను ఆట ఈ గరుకు నేలపై ఆడినచో మోకాలిచిప్పలు మిగులవు. అయినను ఆ ఆట నుండి పుట్టిన మాటలు ఇచటికి రాక మానలేదు. ప్రక్కనే పెనుకొండ మండలము ఎఱ్ఱమంచిలో కియా కార్ల కర్మాగారము 2019లో ఉత్పత్తి ప్రారంభించినది. పెద్ద సంస్థలలో కొత్త పనికి ముందు జరుగు తొలి సమావేశమును 'కిక్ ఆఫ్ మీటింగ్' అనుట పరిపాటి. ఉద్యోగమునకు పోయిన యువకుడు 'తన్నుట' అను మాట విని బెదరనక్కరలేదు. ఆట మొదలగుటకు నడిమి గీతపై నుండి బంతిని తన్నుటయే కిక్ ఆఫ్. దాని నుండి ఏ కార్యమునకైనను ఆరంభమను అర్థము వచ్చినది.

ఇది ఆంగ్లమున కొక్కదానికే పట్టిన వింత కాదు. 'వాని పాచిక పారినది' అని మనము నిత్యమును అందుము. తెలుగు నేర్చుకొను పరదేశీయుడు 'పారుట'కు నిఘంటువు చూచి, పాచిక కాలువవలె పారినదా, దొంగవలె పారినదా యని తికమకపడడా? జూదము నుండి పాచిక, చదరంగము నుండి పావు, ఎత్తుకు పైయెత్తు మన నోటికి వచ్చినవి. పలుకుబడి పుట్టిన ఆట తెలియనివానికి పలుకుబడి మూగది.

అట్లని ప్రతి మాటకును పచ్చిక మైదానము కావలెనని లేదు. 'మూవింగ్ ది గోల్‌పోస్ట్స్' అనగా గోలుస్తంభములను జరుపుట. బడి వదలిన పిదప రెండు రాళ్లు గోలుగా పెట్టుకొని ఆడు పిల్లల కిది చెప్పనక్కరలేదు. గోలు కాయువాడు అందరు అటు చూచుచుండగా ఒక రాతిని కాలితో లోపలికి నెట్టును, గోలు ఇరుకగును, జగడము మొదలగును. ఇక అర్థము స్పష్టమే. అరువది మార్కులు వచ్చిన సైకిలు కొనిపెట్టెదనన్న తండ్రి, అరువదియు వచ్చిన పిమ్మట డెబ్బది కావలెననినచో, ఆయన రాతిని జరిపినాడు. ఒక మారు రాళ్లతో చూపి పిదప ఆంగ్ల వాక్యము చెప్పిన ఉపాధ్యాయుడు పది పర్యాయపదములు వ్రాయించిన వానికంటె ముందు గమ్యము చేరును.

'ఎల్లో కార్డ్', 'రెడ్ కార్డ్' అనువాని చరిత్ర భాష నేర్పువారు ప్రత్యేకముగా చదువదగినది. 1966 జూలై 23న లండనులోని వెంబ్లీ మైదానములో ఇంగ్లండు, అర్జెంటీనా జట్లు ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్ ఆడినవి. రెఫరీ జర్మనీవాడైన రుడాల్ఫ్ క్రైట్లైన్. అర్జెంటీనా నాయకుడు ఆంటోనియో రాటిన్‌ది స్పానిష్ భాష. ఒకరి మాట ఒకరికి తెలియదు. రెఫరీ రాటిన్‌ను వెలుపలికి పొమ్మనెను. అతడు దుబాసీ కావలెనని పట్టుబట్టి కదలడాయెను. ఆట నిలిచిపోయినది. ఆ పోటీలలో రెఫరీల వ్యవహారము చూచుచున్నవాడు కెన్ ఆస్టన్. వృత్తిచేత ఆయన బడిపంతులు. లండను వీధులలో కారు నడుపుకొని పోవుచు కూడలి దీపములను చూడగా ఆయనకు ఉపాయము తోచినదట: పసుపు అనిన హెచ్చరిక, ఎఱుపు అనిన నిలుపుదల. 1970లో మెక్సికో ప్రపంచకప్‌లో ఆ కార్డులు అమలునకు వచ్చినవి. ఆ పోటీలలో పసుపు కార్డులు పలుమార్లు పైకి లేచినవి గాని, ఎఱ్ఱకార్డు ఒక్కటైనను లేవలేదు. భాష చేయలేని పనిని చేయుటకై పుట్టిన రంగు ముక్కలు తిరిగి భాషలోనికే ప్రవేశించి, ప్రభుత్వమునకు న్యాయస్థానము ఎల్లో కార్డ్ చూపినదని వ్రాయువరకు వచ్చుట ముచ్చటైన సంగతి. ఇచట 'చూపుట' అను క్రియయే వాడవలెనని విద్యార్థులు గుర్తుంచుకొందురుగాక.

'హ్యాట్రిక్' మాత్రము ఫుట్‌బాల్ సొత్తు కాదు. 1858లో హెచ్. హెచ్. స్టీఫెన్‌సన్ అను క్రికెట్ బౌలర్ వరుసగా మూడు బంతులకు మూడు వికెట్లు తీయగా, చందా వేసి అతనికి టోపీ బహూకరించినారు. ఫుట్‌బాల్ దానిని అరువు తెచ్చుకొని, ఒక ఆటలో ఒకడే మూడు గోళ్లు చేయుటకు పేరు పెట్టినది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాపై నెవిల్ డిసౌజా చేసినది అదియే. ఆ జట్టుకు శిక్షకుడు హైదరాబాదు వాస్తవ్యుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయనయు ఉపాధ్యాయవృత్తిలో నుండి వచ్చినవాడే. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2–1 గోళ్లతో గెలిచి ఆసియా క్రీడల స్వర్ణపతకము తెచ్చిన జట్టును తీర్చినది ఆయనయే; అందు సికిందరాబాదు బిడ్డ తులసీదాస్ బలరామ్ ఉన్నాడు. మరుసటి యేడే రహీమ్ కన్నుమూసినాడు. 2024లో వచ్చిన 'మైదాన్' చలనచిత్రము ఆయన కథయే. ఆంగ్ల పాఠమునకు దూరదేశపు ఆటలు వెదకువారికి ఇంత దగ్గర సామగ్రి ఉన్నది.

మిగిలినది 'ఆఫ్‌సైడ్', అందరిని వేధించునది. ఎదుటి జట్టు భాగములో నున్న ఆటగాడు బంతికంటెను, ఎదుటివారిలో చివరినుండి రెండవవానికంటెను వారి గోలుగీతకు చేరువగా నుండి ఆటలో పాల్గొనినచో ఆఫ్‌సైడ్. చూడవలసినది అతనికి బంతి అందిన క్షణము కాదు, తోటివాడు తన్నిన క్షణము. తన్నినప్పుడు వెనుక నుండి, పిదప పరుగెత్తి ముందుకు పోయినవాడు నిర్దోషి. కావుననే ఆంగ్ల వ్యాఖ్యాతలు 'బంతి తన్నినప్పుడు అతడు ఎక్కడ ఉన్నాడు' అని పదే పదే భూతకాలములో అడుగుదురు. నలుగురు పిల్లలను బడి ఆవరణలో నిలిపి, ఒకనిచే బంతి తన్నించి, తన్నిన క్షణమున ఈల వేసి ఎక్కడివారి నక్కడ నిలువుమన్నచో, నియమము, క్రియాకాలము రెండును ఒక్క ఈలతో తేలును.