గిలకల విల్లులో దాగిన శక్తి

ముక్త్యాల నుంచి తొమ్మిదో తరగతి చదివే ఒక పాఠకురాలు అడిగింది: "జ్యోతి సురేఖ గారి విల్లుకు రెండు చివరలా గిలకలు ఉంటాయి కదా, బాణానికి అంత శక్తి ఆ గిలకలే ఇస్తాయా?" ఇంత మంచి ప్రశ్నను వచ్చే నెలకు వాయిదా వేయలేకపోయాను. చిన్నతనంలో కృష్ణలో ఈతకు పేరు తెచ్చుకున్న మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది. వ్యక్తిగత ఫైనల్లో 150కి 149 పాయింట్లు! ఆమె వాడే ఈ గిలకల విల్లుకు, అంటే కాంపౌండ్ విల్లుకు, 2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో తొలిసారి చోటు దక్కుతోంది.

గిలకలు ఒక్క జౌలు శక్తిని కూడా పుట్టించవు. శక్తి నిత్యత్వ నియమం అందుకు ఒప్పుకోదు. నారిని లాగిన భుజం, వీపు కండరాలు చేసిన పనే విల్లు వంగిన లింబుల్లో, అంటే దాని రెండు కొమ్ముల్లో, స్థితిస్థాపక శక్తిగా నిలవ ఉంటుంది. వదిలితే బాణం గతిశక్తి అవుతుంది.

మరి గిలకలెందుకు? అసలు అందమంతా ఇక్కడే ఉంది. మామూలు విల్లును లాగేకొద్దీ బలం సున్నా నుంచి మెల్లగా పెరుగుతుంది. బలాన్ని దూరానికి ఎదురుగా గీస్తే దాదాపు త్రిభుజం వస్తుంది, దాని వైశాల్యమే నిలవైన శక్తి. పోటీల్లో కాంపౌండ్ విల్లుకు అనుమతించే గరిష్ఠ బలం 60 పౌండ్లు, అంటే సుమారు 27 కిలోల బరువంత. అంత బలమున్న విల్లును అరమీటరు లాగామనుకుందాం. మామూలు విల్లులా త్రిభుజమైతే సుమారు 67 జౌళ్ల దగ్గర ఆగుతాం.

కాంపౌండ్ గిలక గుండ్రంగా ఉండదు. అది క్యామ్. నారి ఒక గాడి మీద, లింబును వంచే కేబుల్ మరో గాడి మీద చుట్టుకుంటాయి. క్యామ్ తిరిగేకొద్దీ ఇరుసు నుంచి ఆ రెండింటి దూరాలూ మారిపోతుంటాయి. మొదట నారి వైపు దూరం తక్కువ కాబట్టి కొద్దిగా లాగగానే చేతికి పూర్తి బలం తగులుతుంది, చాలా దూరం అలాగే ఉంటుంది. చివర్లో నారి వైపు దూరం పెరిగి, కేబుల్ వైపు తగ్గి, చేతి మీద భారం ఒక్కసారిగా జారిపోతుంది. సగటు బలం గరిష్ఠంలో ముప్పాతిక ఉందనుకుంటే అదే అరమీటరులో 100 జౌళ్లు నిలవవుతాయి.

చాలామంది పొరబడేది ఆ చివరి ఘట్టంలోనే. చేతికి తేలికైంది కాబట్టి విల్లులో శక్తి కూడా తగ్గిందనుకుంటారు. లింబులు అప్పుడే అన్నిటికన్నా ఎక్కువ వంగి ఉంటాయి! తగ్గింది చేతికి తగిలే బలమే. అందుకే సురేఖ వణుకు లేకుండా గురి నిలుపుకోగలదు. 50 మీటర్ల దూరాన పది పాయింట్ల వలయం వెడల్పు 8 సెంటీమీటర్లే మరి.

అమెరికాలో హోలెస్ విల్బర్ ఆలెన్ ఈ విల్లుకు 1969లో పేటెంటు పొందాడు. ప్రపంచ చాంపియన్‌షిప్ తలుపు తెరిచింది మాత్రం 1995లో. గిలకలే శక్తినిస్తాయనే అపోహ లాంటిదే పోల్‌వాల్ట్‌లోనూ ఉంది. ఫైబర్‌గ్లాస్ గడ మనిషిని తనంతట తానే ఎగరేస్తుందనుకుంటారు. సెకనుకు 10 మీటర్ల పరుగులోని గతిశక్తి మొత్తం ఎత్తుగా మారితే గరిమనాభి 5.1 మీటర్లు లేస్తుంది, నిలబడ్డప్పుడే అది దాదాపు మీటరు ఎత్తున ఉంటుంది. గడ ఆ శక్తిని ఎక్కువ నష్టం లేకుండా అందిస్తుందంతే. పైన చేతులతో తోసుకునే పని వాల్టరుదే.

మళ్లీ విల్లు దగ్గరకొస్తే, బాణానికి ఆ 100 జౌళ్లూ అందవు. నారి, కేబుళ్లు, లింబులు కూడా కదలాలి కదా. విల్లు తన సొంత ద్రవ్యరాశి కొంత బాణానికి తగిలించినట్టే ప్రవర్తిస్తుందని భౌతిక శాస్త్రవేత్త పాల్ క్లోప్‌స్టెగ్ లెక్కగట్టి చూపాడు. 22 గ్రాముల బాణానికి 80 జౌళ్లు దక్కితే వేగం సెకనుకు 85 మీటర్లు. బాణమే పెట్టకుండా నారి వదిలితే ఆ 100 జౌళ్లూ విల్లులోనే పేలతాయి, లింబులు చీలొచ్చు, కేబుళ్లు తెగొచ్చు. ముక్త్యాల చెల్లీ, ఎక్కడైనా విల్లు చేతికందితే సరదాకైనా ఉత్తి నారి లాగి వదలకు. ఖరీదైన పరికరం అది. మన పల్లె బడుల్లో ఒక్కటైనా కనపడదేమని నాకు ఎప్పుడూ బాధే.