మీకు తెలుసా? డెల్టా గాలి, ఘాటు దిగుడు, బ్రేకు డిస్కు

రాత్రి వాన వెలిసిన తెల్లారి అమలాపురంలోనో రాజోలులోనో ఆరుబయట నిలిపిన కారు దగ్గర కూర్చుని, చక్రం సందులోంచి లోపలికి చూడండి. నిన్న సాయంత్రం అద్దంలా మెరిసిన బ్రేకు డిస్కు మీద నారింజ రంగు పొర కనిపిస్తుంది. అది తుప్పే. ఒక్క రాత్రిలో పట్టేస్తుంది. కంగారు పడక్కర్లేదు. వీధి చివరికి వెళ్లేలోపు నాలుగైదుసార్లు బ్రేకు నొక్కితే ప్యాడ్లే దాన్ని గీకేస్తాయి, ఆ గరగర కూడా పోతుంది. నెలరోజులు కదలకుండా ఉన్న కారు సంగతి వేరు. అప్పుడు ప్యాడు ఆనుకుని ఉన్నచోట ఒక రకంగా, మిగతాచోట ఇంకో రకంగా తుప్పు తినేసి, ఆ మచ్చ పెడల్ కింద టకటకమని తెలుస్తూనే ఉంటుంది.

డిస్కుకి అంత తేలిగ్గా తుప్పు ఎందుకు పడుతుందంటే, అది పోత ఇనుము. లక్షల ఖరీదు చేసే స్పీడు కార్లకి కూడా ఎక్కువగా ఇదే. పోత ఇనుము లోపల సన్నని గ్రాఫైట్ రేకులు ఉంటాయి. అవి వేడిని చప్పున పంచుతాయి, అదురుని మింగుతాయి. ప్యాడు రాసుకునే ముఖానికి రంగు పూయలేం కాబట్టి తుప్పు నుంచి దానికి కాపలా లేదు. అంచుకీ మధ్య టోపీ భాగానికీ జింకు పూతో, మరో పూతో వేసిన డిస్కులు దొరుకుతాయి. అంతర్వేది, ఉప్పాడ వైపు ఉప్పుగాలిలో తిరిగేవాళ్లూ, భీమవరం, ఆకివీడు వైపు చేపల లారీలు కార్చుకుంటూ పోయే నీళ్లలో తిరిగేవాళ్లూ నాలుగు డబ్బులు ఎక్కువైనా పూత ఉన్నదే తీసుకోవాలి.

మన డెల్టా అరచేయిలా చదును. ధవళేశ్వరం దిగువన కాలువగట్టు రోడ్ల మీద బ్రేకుకి కాగేంత పని దొరకదు. ఇక్కడ దాని శత్రువు నీరు, తుప్పు, కోతల రోజుల్లో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, గడ్డి, దుమ్ము. అదే కారు ఆదివారం పూట రాజమండ్రి నుంచి 80 పైచిలుకు కిలోమీటర్లు వెళ్లి మారేడుమిల్లి ఘాటు ఎక్కితే కథ మొత్తం తిరగబడుతుంది. అక్కడ శత్రువు వేడి. ప్యాడ్లు, డిస్కులు మార్చే రోజున ఈ రెండు దారులూ కళ్ల ముందు పెట్టుకోమనే నేను అందరికీ చెబుతాను.

ఆ వేడి ఎంతో లెక్క వేసి చూద్దాం. మనుషులతో కలిపి 1,500 కిలోల కారు. 100 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి పూర్తిగా ఆపితే బ్రేకుల్లో పుట్టే వేడి సుమారు 5.8 లక్షల జౌళ్లు. దాదాపు రెండు లీటర్ల నీళ్లు మరిగే దాకా కాగడానికి సరిపోతుంది. వేగం రెట్టింపు చేస్తే వేడి నాలుగింతలు. ఇక ఘాటు. అదే కారు 100 మీటర్ల ఎత్తు దిగితే, గేరు సాయం లేకుండా బ్రేకు ఒక్కదాని మీదే దించితే, అయిదు లీటర్ల నీళ్లు మరిగేంత వేడి. అదంతా నాలుగు ఇనప పళ్లేల్లోకి ఎక్కాలి, అందులోనూ ముందు రెండిట్లోకే ఎక్కువ. బ్రేకు నొక్కగానే బండి బరువు ముందుకు ఒరుగుతుంది కాబట్టి సగానికి పైగా పని వాటిదే.

ఒక చలికాలం మిత్రుడి టర్బో కారులో బొంగులో చికెన్ తిని ఘాటు దిగుతున్నాం. చూడ్డానికి బాగుంటాయని చిల్లులున్న డిస్కులు అంతకుముందే వేయించాడు. నాలుగో మలుపో అయిదో మలుపో, పెడల్ మెత్తబడింది. తర్వాతి మలుపులో ఇంకాస్త లోపలికి పోయింది. సెకండ్ గేర్లోకి దించి, కొండవైపు వెడల్పున్న చోట ఆపాం. ఘాటుగా కాలిన వాసన. డిస్కు మీద నీలి చారలు. బానెట్ ఎత్తి చూస్తే బ్రేక్ ఆయిల్ కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. అరగంట చల్లారనిచ్చి నెమ్మదిగా దిగాం. అంత ఖర్చు పెట్టి డిస్కులు మార్చిన షెడ్డులో ఆయిల్ మార్చమని ఎవరూ చెప్పలేదు. మారిస్తే కొన్ని వందలతో పోయేది.

పెడల్ ఎలా చెడిందో చూస్తే ఏది కాగిందో తెలిసిపోతుంది. కాలికి గట్టిగానే తగులుతూ, ఎంత నొక్కినా బండి ఆగకపోతే కాగినది ప్యాడు. స్పాంజిలా లోపలికి దిగిపోతే మరిగింది ఆయిల్. మరిగిన ఆయిల్లో ఆవిరి బుడగలు పుడతాయి, కాలి బలమంతా బుడగల్ని నలపడానికే సరిపోతుంది.

బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమని తాగుతుంది. డాట్ 4 రకం కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. అందులో 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కి పడిపోతుంది. డాట్ 3 అయితే 205 నుంచి 140కి. డాట్ 5.1 అయితే 260 నుంచి 180కి. పేరు దగ్గరగా ఉన్నా డాట్ 5 వేరే సరుకు. అది సిలికాన్, మిగతావాటితో కలవదు. మన గోదావరి ఉక్కలో రెండేళ్లకోసారి ఆయిల్ మార్చడం తప్పనిసరి. ప్యాడ్లు మార్చే రోజే మార్పించేస్తే విడిగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

ఇక ప్యాడ్లు. వాటి వెనక రేకు మీదో అంచు మీదో చిన్నగా అచ్చుకొట్టిన కోడ్ ఉంటుంది. చాలా ప్యాడ్లకి దాని చివర రెండు ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి: ఎఫ్‌ఎఫ్, జిజి, జిఎఫ్ అని. మొదటిది చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది కాగాక మిగిలే పట్టు. ‘ఇ’ అంటే ఘర్షణ గుణకం 0.25 నుంచి 0.35, ‘ఎఫ్’ అంటే 0.35 నుంచి 0.45, ‘జి’ అంటే 0.45 నుంచి 0.55, ‘హెచ్’ అంటే ఆ పైన. రెండో అక్షరం మొదటిదానికంటే కింది మెట్టులో ఉంటే కాగాక పట్టు జారుతుందని అర్థం. ఈ అక్షరాలు ప్యాడు ఎన్నాళ్లు మన్నుతుందో చెప్పవు, నాణ్యతకి పూచీ కూడా కావు. అయినా కౌంటర్ మీద రెండు పెట్టెలు పెట్టి ‘రెండూ ఒకటేనండి’ అంటున్నప్పుడు, విప్పి ఆ అక్షరాలు చూడటం మన హక్కు.

పెట్టె మీద వృత్తంలో ‘ఇ’, పక్కన ఒక అంకె, ఆ దగ్గర్లో ‘90ఆర్’ అని ఉంటే అది ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో రూపొందిన 90వ నిబంధన గుర్తు. ప్యాడ్ల విషయంలో దాని సారం, పట్టు ఒరిజినల్‌కి 15 శాతానికి మించి అటూ ఇటూ పోకూడదని. అంకె ఆ అనుమతి ఇచ్చిన దేశానిది. 1 అయితే జర్మనీ, 3 అయితే ఇటలీ. పెట్టె మీద ఉండి ప్యాడు మీద లేకపోతే పక్కన పెట్టేయండి.

రేసు ప్యాడ్లు రోడ్డు మీద ప్రమాదం. వాటిలో కొన్ని 150, 200 డిగ్రీలు ఎక్కితేగానీ సరిగ్గా పట్టవు. రావులపాలెం సెంటర్లో ఆటో అడ్డొచ్చేసరికి మీ ప్యాడు ఇంకా చల్లగానే ఉంటుంది. ఊళ్లో తిరుగుతూ అప్పుడప్పుడూ ఘాటు ఎక్కే స్పీడు కారుకి, చల్లగా ఉన్నా పట్టే ‘ఫాస్ట్ రోడ్’ రకం ప్యాడే సరి. మామూలు సెరామిక్ ప్యాడు దుమ్ము తక్కువ రాలుస్తుంది, కీచుమనదు. లోహం పాలు ఎక్కువున్నది వేడికి ఓర్చుకుంటుంది, కానీ డిస్కుని తొందరగా అరగదీస్తుంది.

చిల్లుల డిస్కులు ఎందుకు పుట్టాయో తెలుసా? పాతకాలం ప్యాడ్లలో జిగురు కాగి వాయువులు విడిచేది. అవి బయటికి పోవడానికి దారిగా చిల్లులు. నేటి ప్యాడ్లతో ఆ అవసరం చాలావరకు తీరిపోయింది. చిల్లు అంచున మాత్రం వేడికి బీట మొదలవుతుంది. ముఖం మీద గాడి కోసినవి నీటినీ దుమ్మునీ తుడుస్తాయి, కాస్త చప్పుడు చేస్తాయి. రెండు పలకల మధ్య గాలి ఆడే సాదా డిస్కునే నేనైతే వేయిస్తాను.

డిస్కు పెద్దదైతే బండి దగ్గరగా ఆగుతుందనుకుంటారు. మొదటి బ్రేకుకే ఏబీఎస్ కొట్టే కారులో పెద్ద డిస్కు ఒక్క అడుగు కూడా తగ్గించదు. అక్కడ హద్దు టైరు పట్టు. పెద్ద డిస్కు లాభం పదో బ్రేకు దగ్గర తెలుస్తుంది, వేడిని దాచుకునే ఇనుము ఎక్కువ కాబట్టి. అరిగిపోయిన టైర్ల మీద పెద్ద కాలిపర్లు బిగించేవాళ్లని చూస్తే బాధేస్తుంది. ఆ డబ్బులో కొంత ముందు టైర్లకి పెట్టాల్సింది.

ఒకే మోడల్, ఒకే ఏడాది, అయినా డిస్కు సైజులు రెండు మూడు ఉండొచ్చు. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్, ఆడి కార్లవాళ్లు డిక్కీలో స్టెప్నీ గుంట దగ్గరో సర్వీసు పుస్తకంలోనో ఉండే స్టిక్కర్ వెతకండి. దాని మీద మూడేసి అక్షరాల కోడ్‌లు ఉంటాయి. 1జెడ్, 1ఎల్‌తో మొదలయ్యేవి ముందు బ్రేకుల సైజువి, 1కెతో మొదలయ్యేది వెనకది. ఫోన్లో ‘ఆక్టేవియా ప్యాడ్లు పంపండి’ అంటే ఏదో ఒకటి వస్తుంది. కోడ్ చెప్పి అడిగితే మీదే వస్తుంది.

డిస్కు అంచున ‘మిన్ టిహెచ్’ అని, పక్కన మిల్లీమీటర్లలో ఒక అంకె పోతపోసి ఉంటుంది. అంతకంటే పలచబడితే దాని ఆయుష్షు తీరినట్టే. గోరు పెట్టి చూడండి. ప్యాడు తాకే చోటుకీ బయటి అంచుకీ మధ్య మెట్టు తగులుతుంది. ఆ మెట్టు పెరిగేకొద్దీ మైక్రోమీటరుతో కొలిపించాలి. లేత్ మీద ఫేసింగ్ కొట్టించాలంటే, కొట్టాక ఎంత మిగులుతుందో ముందే లెక్కేయాలి. డిస్కులైనా ప్యాడ్లైనా ఒక్క చక్రానికే మార్చకూడదు. ముందు రెండూ కలిపి, వెనక రెండూ కలిపి.

స్టీరింగ్ వణికితే ‘డిస్కు వంకరపోయింది’ అంటారు. చాలాసార్లు అది వంకర కాదు. మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అయి ఉంటుంది. దానికి మూలం హబ్ మీద తుడవకుండా వదిలేసిన తుప్పు కావచ్చు. కొత్త డిస్కు ఆ తుప్పు రజను మీద కూర్చుని మిల్లీమీటరులో పదోవంతు ఊగినా, కొన్ని వేల కిలోమీటర్లలో ఒకవైపు అరిగి వణుకు మొదలవుతుంది. వైరు బ్రష్‌తో హబ్ తోమడానికి పది నిమిషాలు చాలు. పక్కన నిలబడి తోమించండి.

కాలిపర్ జారే పిన్నులదీ ఇదే గొడవ. మన తేమకి అవి పట్టేస్తే లోపలి ప్యాడు రేకు దాకా అరిగిపోతుంది, బయటిది మాత్రం సగం మిగిలి మనల్ని మోసం చేస్తుంది. చక్రం సందులోంచి కనిపించేది బయటిదే. పిన్నులకి బ్రేకు గ్రీజే రాయాలి. మామూలు గ్రీజు రబ్బరుని ఉబ్బిస్తుంది. వెనక ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేకు ఉంటే స్కానర్‌తో సర్వీసు మోడ్‌లో పెట్టాకే పిస్టన్‌ని వెనక్కి నెట్టాలి. క్లాంపు పెట్టి బలవంతంగా తోస్తే మోటారు పోతుంది.

బ్రేకు లైనింగు పుట్టింది ఎడ్లబళ్ల లాంటి బళ్ల దగ్గరే. ఇంగ్లండ్‌లో డెర్బీషైర్ కొండల్లో బళ్లు దించేటప్పుడు చక్రానికి పాత బూట్లు అడ్డం పెట్టడం చూసి హెర్బర్ట్ ఫ్రూడ్ 1897లో ఆ పని మొదలుపెట్టాడు. ఆయన పేరులోని ఇంగ్లిష్ అక్షరాల్నే అటూ ఇటూ మార్చి, ఒక ‘ఇ’ చేరిస్తే వచ్చిందే ‘ఫెరోడో’. డిస్కు బ్రేకుకి లాంచెస్టర్ పేటెంట్ తీసుకున్నది 1902లో. అది నిరూపణైంది 1953 లెమాన్ రేసులో, జాగ్వార్ సి-టైప్ గెలిచినప్పుడు.

మన హైదరాబాద్‌కి ఇందులో వాటా ఉంది. అగ్ని క్షిపణి ముక్కుని వేడి నుంచి కాపాడే కార్బన్-కార్బన్ పదార్థం మీద పనిచేసిన అక్కడి డీఆర్‌డీవో ప్రయోగశాలల నుంచే తేజస్ యుద్ధవిమానానికి కార్బన్ బ్రేకు డిస్కులూ వచ్చాయి. 2001లో పోర్షే 911 జిటి2కి ఇచ్చిన కార్బన్ సెరామిక్ డిస్కులు వీటికి దూరపు చుట్టాలు: బరువు ఇనప డిస్కులో సగం, తుప్పు లేదు, ధర మాత్రం ఆకాశంలో. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ పక్కన పరిగెత్తిన ఫార్ములా ఇ కార్లనైతే వెనక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులు లేకుండానే రూపొందించారు. మోటార్లే వేగాన్ని కరెంటుగా వెనక్కి లాగేస్తాయి. రోడ్డు మీది ఎలక్ట్రిక్ కార్లలోనూ ఇలాగే బ్రేకుకి పని తగ్గి, డిస్కు వాడక తుప్పు పడుతుంది. ఫోక్స్‌వ్యాగన్ ఐడి.3కి వెనక డ్రమ్ములు పెట్టడానికి అదొక కారణం. కాకినాడ తీరాన ఎలక్ట్రిక్ కారు ఉన్నవాళ్లు వారానికోసారి గట్టిగా నాలుగు బ్రేకులు వేయడం మంచిది.

కొత్తవి బిగించాక చివరి పని మిగిలే ఉంటుంది. తెల్లవారుజామున, వెనక ఎవరూ లేని తిన్నని రోడ్డు చూసుకోండి. 60 నుంచి 20కి, ఒకే బలంతో, పూర్తిగా ఆపకుండా ఎనిమిది పదిసార్లు తగ్గించండి. మధ్యలో కాస్త దూరం వదలండి. అయ్యాక అయిదారు కిలోమీటర్లు బ్రేకు ముట్టకుండా నడిపి చల్లారనివ్వండి. కాగిన డిస్కు మీద పెడల్ నొక్కిపట్టి ఆగితే ప్యాడు ముద్ర అక్కడే అంటుకుపోతుంది, కాబట్టి ఇంటికొచ్చాక హ్యాండ్ బ్రేకు కూడా వెంటనే లాగకండి. గేర్లో పెట్టి, చక్రం కింద రాయి పెట్టి వదిలేయండి. మధ్యాహ్నానికి చూస్తే డిస్కు మీద అంతటా ఒకే తీరుగా బూడిద రంగు పొర పరుచుకుని ఉంటుంది.