సైకిల్ హెడ్‌సెట్ సరిగా బిగించారా? ఇంట్లోనే ఇలా చూసుకోండి

పిల్లలకు సైకిల్ కొనేటప్పుడు పెద్దలు గాలి, బ్రేకులు, బెల్లు చూస్తారు. హ్యాండిల్ కింద ఉండే హెడ్‌సెట్‌ను మాత్రం చాలామంది పట్టించుకోరు. అది వదులుగా ఉంటే బ్రేకు వేసినప్పుడు ముందు చక్రం అదురుతుంది. మరీ బిగుతైతే మలుపులో హ్యాండిల్ మొరాయిస్తుంది. ఆన్‌లైన్‌లో కొన్న సైకిల్‌కు హ్యాండిల్ ఇంటికొచ్చాకే బిగించాల్సి ఉంటుంది. సెకండ్ హ్యాండ్ సైకిల్‌ను ఎవరు ఎలా బిగించారో తెలియదు. అందుకే పిల్లలు ఎక్కకముందే చూసుకోవాలి.

హెడ్‌సెట్ అంటే?

ఫ్రేమ్ ముందు భాగంలో ఉండే గొట్టం గుండా ఫోర్కు కడ్డీ పైకి వచ్చి హ్యాండిల్‌కు కలుస్తుంది. ఆ గొట్టానికి పైనా కిందా ఉండే బేరింగ్ కప్పుల సెట్టే హెడ్‌సెట్.

వదులుగా ఉందా?

ముందు బ్రేకు గట్టిగా పట్టి, రెండో చేతి వేళ్లు పై కప్పు మీద ఉంచి, సైకిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి. వేళ్ల కింద టక్ టక్‌మని కదిలితే వదులు ఉన్నట్టే. బ్రేకులోనూ కొంత ఆట ఉంటుంది. అనుమానం వస్తే హ్యాండిల్‌ను పూర్తిగా పక్కకు తిప్పి మళ్లీ ఊపండి.

బిగుతుగా ఉందా?

ముందు చక్రాన్ని నేల నుంచి పైకెత్తి, సైకిల్‌ను కొంచెం పక్కకు వంచండి. హ్యాండిల్ తనంతట తానే ఆ పక్కకు వాలాలి. మధ్యలో ఆగితే బిగుతు ఎక్కువైనట్టు. తిన్నగా ఉన్నచోట గాడిలో పడ్డట్టు పట్టుకుంటే కప్పుల్లో గుంటలు పడ్డాయి. వాటిని మార్చాల్సిందే.

కప్పు అంచు ఫ్రేమ్‌కు చుట్టూ ఆనుకుని ఉండాలి. ఒకవైపు సందు కనిపిస్తే కప్పు వంకరగా దిగింది. అది మెకానిక్ పని.

ఎలా సరిచేయాలి?

పాత రకానికి పైన లాక్ నట్ ఉంటుంది. దాన్ని వదులు చేసి, కింది కప్పును ఆట పోయేవరకు తిప్పి, అది కదలకుండా పట్టుకుని లాక్ నట్ బిగించాలి.

కొత్త రకంలో హ్యాండిల్‌ను పట్టి ఉంచే స్టెమ్‌కు పక్క బోల్టులు ఉంటాయి. ముందు వాటిని వదులు చేయాలి. తర్వాత పైమూత బోల్టును కొద్దికొద్దిగా తిప్పి, ఆట పోగానే ఆపాలి. హ్యాండిల్ తిన్నగా పెట్టి పక్క బోల్టులు గట్టిగా బిగించాలి. హ్యాండిల్‌ను పట్టి ఉంచేది ఆ పక్క బోల్టులే.

చివరగా ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య పట్టి హ్యాండిల్ తిప్పి చూడండి. చక్రం కదలకుండా హ్యాండిల్ ఒక్కటే తిరిగితే ఆ సైకిల్ ఎక్కనివ్వొద్దు. కొత్తగా బిగించిన కప్పులు నడిచేకొద్దీ సర్దుకుంటాయి. వారం తర్వాత బ్రేకు పట్టి మరోసారి ఊపి చూడండి.