వేడెక్కిన పోర్షే 911 ఎందుకు మొరాయిస్తుంది?

ఉదయం ఒక్క తిప్పుకే అందుకునే ఇంజిన్, దూరప్రయాణం చేసి అరగంట ఆగాక మాత్రం ఎంతకీ కదలదు. 1978-83 నాటి పోర్షే 911 ఎస్‌సీ యజమానులకు ఇది పాత బెడదే. బ్యాటరీనో, ప్లగ్గులనో అనుమానించడం పరిపాటి. తరచుగా లోపం ఇంధన పీడనంలో ఉంటుంది.

ఈ కార్లలో బాష్ వారి కె-జెట్రోనిక్ వ్యవస్థ పెట్రోలును నిరంతరాయంగా చిమ్ముతుంది. ఇంజిన్ ఆపగానే ఫ్యాను గాలి నిలిచిపోవడంతో చుట్టుపక్కల భాగాల వేడి తగ్గకపోగా కొంతసేపు పెరుగుతుంది. అయినా గొట్టాల్లో పీడనం నిలిచి ఉంటే పెట్రోలు మరగదు. ప్రెషర్ కుక్కర్‌లో నీరు వంద డిగ్రీల వద్ద మరగకపోవడానికీ కారణం ఇదే. ఆ పీడనాన్ని కాపాడేవి పంపులోని చెక్ వాల్వ్, స్ప్రింగు, పొర ఉన్న అక్యుములేటర్. వీటిలో ఏది చెడినా పెట్రోలు ఆవిరవుతుంది. స్టార్టర్ ఎంత తిరిగినా ఇంజెక్టర్లకు ఆవిరే అందుతుంది.

పీడనమాపకాన్ని ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే బిగించాలి. వేడి మీద పెట్రోలు గొట్టం విప్పడం ప్రమాదం. ఇంజిన్ ఆపాక ముల్లు త్వరగా సున్నాకు జారితే అనుమానం నిజమే. పంపు నడుస్తుండగా అక్యుములేటర్ రిటర్న్ గొట్టం నుంచి పెట్రోలు వస్తే పొర చిరిగినట్టే. అక్కడ పొడిగా ఉంటే చెక్ వాల్వ్‌ను, కారే ఇంజెక్టర్లను చూడాలి. ఖరీదైన వార్మప్ రెగ్యులేటర్‌ను మార్చడం ఆ తర్వాతి మాట.